ఖాళీ కాళ్ళ మీద వేన్నీళ్ళు

పెడనలో శోభనాద్రి ఇంట్లో ఆ ఏడాది ఎవరికీ తెలియకుండా ఒక సంగతి జరుగుతుండేది. ఆయన భార్య సరోజిని ఆదివారం పొద్దున్నే నీళ్ళు కాచుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. పీట వేసుకుని కూర్చుని, రెండు కాళ్ళూ బారచాపి, చెంబుతో నీళ్ళు ముంచి, ముందు మోచేతి మీద పోసుకుని వేడి చూసుకునేది. ఆ తర్వాత ఆ ఖాళీ కాళ్ళ మీద సన్నగా ధార కట్టి పోసేది. ఎడమ చెయ్యి గొడుగులా వంచి, అక్కడ లేని నుదుటికి అడ్డం పెట్టేది, నీళ్ళు కళ్ళల్లోకి పోకుండా. పసిపిల్లాడికి ఎలా పోస్తారో అచ్చం అలాగే. పోయడం అయిపోయాక కాసేపు కాళ్ళ వంక చూసుకుని, లేచి, తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి వంటపనిలో పడేది.

కాళ్ళ మీద వెయ్యడానికి పిల్లాడు లేకేమీ కాదు. గుడివాడలో ఉన్నాడు, కూతురు కల్పన కొడుకు. మోపిదేవి స్వామికి మొక్కుకుంటే పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టాడు. స్వామి పేరే పెట్టారు గానీ అందరూ పిలిచేది బుజ్జిగాడనే. పెడన నుంచి గుడివాడ ఎంత దూరమని? బస్సెక్కి ఓ కునుకు తీసేలోపు దిగొచ్చు. అయినా పిల్లాడు పుట్టి ఏడో నెల నడుస్తుంటే అమ్మమ్మ వాణ్ణి ఒక్కసారి కూడా తాకలేదు. పురుడు పుట్టింట్లో పొయ్యలేదు. అత్తగారింట్లోనే జరిగింది. ఊళ్ళోవాళ్ళు నోరు నొక్కుకున్నారు. కల్పన మనసులో పెట్టుకుంది.

అసలు సంగతి ఏమిటంటే, కల్పన కడుపుతో ఉన్నప్పుడే సరోజిని గొంతు మీద గోలీకాయంత గడ్డ కనబడింది. పెద్ద ఊరు తీసుకెళ్ళి చూపిస్తే, థైరాయిడ్ గ్రంథిలో వచ్చిన క్యాన్సరని చెప్పి ఆపరేషన్ చేశారు. కడుపుతో ఉన్న పిల్ల బెంగపెట్టుకుంటుందని కల్పనకి మాత్రం "చిన్న గడ్డ, తీసేశారు" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు మింగించాలన్నారు. మింగించి ఒక గదిలో ఒంటరిగా ఉంచారు. గది తలుపు ఇనప్పెట్టె తలుపంత బరువు. నర్సమ్మ అన్నం పళ్ళెం గడప అవతలే పెట్టి, "తీసుకోండమ్మా" అని పక్కకి తప్పుకునేది. రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని ఎవరో వచ్చి దూరాన్నించే చూసి వెళ్ళిపోయేవాడు.

ఇంటికి పంపేముందు అక్కడి డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. మంచివాడే, తేట తెలుగులో చెప్పాడు. గ్రంథి తీసేసినా దాని తునకలు గొంతులో మిగిలి ఉంటాయి, ఈ మందు వెళ్ళి ఆ తునకల్నే పట్టుకుంటుంది, ఇంకెక్కడా నిలవదు, మిగిలినదంతా నీళ్ళతో పోతుంది అన్నాడు. చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని కొన్నాళ్ళు దగ్గరికి రానివ్వద్దని, తర్వాత వచ్చినప్పుడు చూద్దామని అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ కొన్నాళ్ళు పట్టుకుని కూర్చునేవారు. సరోజిని పట్టుకున్నది వేరే మాట. ఆమెది కలంకారీ అద్దే ఇల్లు. అచ్చు వేసేది మగవాళ్ళయితే, బట్ట ఉడకబెట్టడం, కాలవలో ఉతకడం, గడ్డి మీద ఆరెయ్యడం ఆమె పని. పటిక నీళ్ళతో అచ్చు వేసిన బట్టని ఎర్రరంగు కాగులో వేసి ఉడికిస్తే బట్టంతా ఎర్రబడుతుంది. కాలవలో పెట్టి జాడిస్తే పటిక లేనిచోట రంగంతా నీళ్ళలో కలిసిపోతుంది. పటిక ఉన్నచోట మటుకు పట్టుకుని ఉండిపోతుంది. ఇక ఎన్ని ఉతుకులు ఉతికినా, చీర చిరుగుతుందేమో గానీ ఆ పువ్వు ఎరుపు వదలదు. డాక్టరు చెప్పింది విని సరోజిని లోపల్లోపలే తల ఊపింది. నా గొంతులో తునకలు పటిక, ఆ మందు ఎరుపు, అంతే కదా అనుకుంది. మిగిలిన ఒళ్ళంతా జాడిస్తే పోతుంది. గొంతులోది మటుకు నేను పోయినరోజు నాతోనే పోవాలి.

అలా అనుకున్న మనిషికి కొన్నాళ్ళన్న మాట ఓదార్పు కోసం చెప్పినట్టే వినబడింది.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్తే అక్కడ వేరే డాక్టరున్నాడు. రక్తం రిపోర్టు చూసి, మాత్ర మార్చి, అంతా బావుందమ్మా, ఆర్నెల్లకి రండి అన్నాడు. ఆమె లేవలేదు. పిల్లాడి మాట నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే "ఇంక ఈ జన్మకి ఎత్తుకోకూడదమ్మా" అంటాడేమోనని భయం. అడక్కపోతే కనీసం ఆ మాట వినక్కర్లేదు. వెనక జనం తోసుకుంటున్నారు. లేచి వచ్చేసింది. బయట శోభనాద్రి, "పిల్లాడి సంగతి అడిగావా?" అన్నాడు. "అడిగాను, ఇంకా వద్దన్నారు" అని చెప్పింది. బాలింత బెంగపడుతుంది, కల్పనకి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది.

బాలసారె నాడు ఒక్కసారి గుడివాడ వెళ్ళింది, వెళ్ళకపోతే బావుండదని. గుమ్మంలోనే నిలబడిపోయింది. కల్పన పిల్లాణ్ణి పొత్తిగుడ్డతో సహా తెచ్చి, "ఇదిగో అమ్మా, నీ మనవడు" అని చేతులు చాపింది. సరోజిని రెండడుగులు వెనక్కి వేసి చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"చేతులు రంగుగా ఉన్నాయే" అంది.

కల్పన ఆ చేతుల వంక చూడను కూడా లేదు. "నీ చేతులు ఎప్పుడూ రంగే కదమ్మా. నన్నూ ఆ చేతుల్తోనే పెంచావు" అంది. అని పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ మాట సరోజిని చెవిలో ఉండిపోయింది. బట్ట జాడిస్తున్నా అదే, పొయ్యి మండుతున్నా అదే.

అప్పట్నించి ఫోనులో వీడియోలు రావడం కూడా తగ్గింది. వచ్చినప్పుడు వియ్యపురాలు పిల్లాడికి నీళ్ళు పోసే వీడియో వచ్చేది. సరోజిని దాన్ని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. చూస్తూ తనలో తనే దెబ్బలాడేది. ఆవిడ సున్నిపిండి గట్టిగా రుద్దుతోంది. ముక్కు దూలం వత్తడం లేదు. కాళ్ళూ చేతులూ సాగదీసి ముడిచి ఆడించడం లేదు. బోర్లా తిప్పినప్పుడు గడ్డం కింద చెయ్యి వెయ్యాలి కదా వదినగారూ, అని ఫోనుతో చెప్పేది. ఫోను ఏం చేస్తుంది, మళ్ళీ మొదటినుంచి చూపించేది.

ఇలా ఉండగా కోడూరు నుంచి పోతయ్య ఫోను చేశాడు. పోతయ్య ఆమెకి మేనమామ కొడుకు, వరసకి బావ. రొయ్యల చెరువులు చేస్తాడు. నలుగురున్న చోట తనే ముందుండాలి, అదీ ఆయన సరదా. ఆ పోతయ్య చెప్పాడు, బందరులో కాలేజీ గ్రౌండులో పెద్ద మాక్ డ్రిల్ పెడుతున్నారట. సముద్రంలో ఓడ మీద పేలుడు జరిగి, రేడియేషన్ దుమ్ము గాలికి కొట్టుకొచ్చి దివిసీమ ఊళ్ళ మీద పడ్డట్టు అనుకోవాలట. దుమ్ము పడ్డవాళ్ళలా నటించడానికి మనుషులు కావాలట. డాక్టర్లూ నర్సులూ వాళ్ళని ఎలా చూడాలో నేర్చుకుంటారట. తను ఊరి తరఫున వ్యానెడు జనాన్ని తెస్తున్నానని, పొద్దున టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ అని చెప్పి, "నాకు కాలిన గాయాల వేషం ఇచ్చారు మరదలా. చెంపకి ఎర్రరంగు పూస్తారంట. మీ ఇంట్లో రంగేమైనా మిగిలితే పంపు" అని ఎగతాళి చేశాడు.

సరోజినికి అందులో ఒక్క మాటే వినబడింది. ఎవరి ఒంటి మీద ఉందో ఎవరి ఒంటి మీద లేదో చెప్పే మీటరు తెస్తారట.

"బావా, నేనూ వస్తాను. నా పేరు చెప్పు" అంది.

ఎందుకని పోతయ్య అడగలేదు. బిర్యానీకనే అనుకున్నాడు.

డ్రిల్ రోజు శోభనాద్రికి బందరులో పనుందని చెప్పి బస్సెక్కింది. బస్సు దారిలో ఆగిపోయి, ఇంకోటి ఎక్కి, గ్రౌండుకి చేరేసరికి ఆలస్యమైంది. మైకులో చెప్పాల్సినవన్నీ అప్పటికే చెప్పేశారు. గేటు దగ్గర కాలేజీ పిల్లలు చీర మీద వేసుకోమని ఒక పాత ఆసుపత్రి గౌను తొడిగి, మెడలో పచ్చకార్డు వేసి లోపలికి పంపారు.

లోపల టెంట్లు వరసగా వేశారు. మొదటి టెంటులో డాక్టర్ జ్యోతిర్మయి. నలభై ఏళ్ళ మనిషి, గొంతు పెంచకుండానే పది మందికి పని చెప్పగలదు. ఆమె నియమం ఒకటే, దుమ్ము సంగతి తర్వాత, ముందు ప్రాణం. ఊపిరి ఆడనివాణ్ణి దుమ్ముందని వదిలెయ్యకూడదని కుర్ర డాక్టర్లకి చెబుతోంది. రెండో టెంటులో హరిబాబు, మీటరు పట్టుకుని తల నుంచి పాదం దాకా చూసే కుర్రాయన. ఆయన చెబుతుంటే పక్కన ఒక స్టాఫ్ నర్సు బొమ్మ కాగితం మీద గుర్తులు పెడుతోంది. ఆ నర్సుకి నెలలు నిండుతున్నాయి, ఒక చెయ్యి నడుము మీదే ఉంది. మూడో టెంటులో హెడ్ నర్సు కృపాకుమారి. అక్కడ పైబట్టలు జాగ్రత్తగా లోపలివైపు చుట్టి సంచిలో వేసి, మనిషికి స్నానం చేయిస్తారు. ఆ తర్వాత మళ్ళీ హరిబాబు చూస్తాడు. ఇంకా ఉంటే మళ్ళీ స్నానం. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మనిషిని అందిస్తూ, అందించేటప్పుడు ఏం చేశారో, ఏం మిగిలిందో నోటితో చెప్పి మరీ అందిస్తున్నారు. సరోజిని ఆ పద్ధతి చూసి అచ్చుబల్ల నుంచి కాగు దాకా బట్ట నడిచినట్టుందే అనుకుంది.

వాళ్ళకి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. నటించేవాళ్ళు ఎంతైనా మూలగొచ్చు, ఏడవచ్చు గానీ "నిజం" అన్న మాట మటుకు అనకూడదు. నిజంగానే ఎవరికైనా కళ్ళు తిరిగినా, గుండె పట్టేసినా ఆ మాట అంటే చాలు, ఎక్కడివాళ్ళక్కడ డ్రిల్ ఆపేసి ఆ మనిషిని చూడాలి. పోతయ్య ఉన్నాడుగా. స్ట్రెచర్ మీద పడుకుని, చెంపల మీద ఎర్రరంగుతో కాసేపు బాగానే మూలిగి, "నిజంగా ఆకలేస్తోందండీ" అన్నాడు. అంతే, విజిలు ఊదేశారు, గ్రౌండంతా ఆగిపోయింది, నలుగురు పరిగెత్తుకొచ్చారు. జ్యోతిర్మయి వచ్చి సంగతి తెలుసుకుని, "మీరు ఇందాకే చచ్చిపోయినట్టు రాయమంటారా?" అంది. దాంతో పోతయ్య మళ్ళీ మూలుగుళ్ళలో పడ్డాడు.

వరసలో సరోజిని వంతు వచ్చింది. మనసులో మోపిదేవి స్వామిని తలుచుకుంది. లేకపోతే లేదని చెప్పించు స్వామీ, ఉంటే ఉందని చెప్పించు, రెండింటికీ మధ్యలో ఇంక ఉండలేను అనుకుంది.

హరిబాబు మీటరు ఆమె తల మీంచి తెచ్చాడు. అడపాదడపా టిక్కుమంటోంది. చెవి పక్కనుంచి కిందికి వచ్చి మెడ దాటిందో లేదో, మీటరు గొల్లుమంది. పెనం మీద ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. హరిబాబు డ్రిల్లులో అనాల్సిన గొంతుతోనే, "ఉంది. మెడ కింద, ఎడం పక్క. రాసుకోండి" అన్నాడు.

సరోజిని ఏడవలేదు. అరవలేదు. ఆమె చూపు ఆ కాగితం పట్టుకున్న నర్సు కడుపు మీదికి వెళ్ళింది. చప్పున టెంటు గోడ దాకా వెనక్కి జరిగి, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"నువ్వు దూరం జరుగమ్మా. కడుపుతో ఉన్నదానివి" అంది.

ఆ అమ్మాయి నవ్వి, బాగా నటిస్తున్నారండీ అంది. పక్క టెంటులోంచి ఆమెని అందుకోడానికి వచ్చిన కృపాకుమారి మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా మంచాల పక్కన నిలబడ్డ మనిషి ఆవిడ. ఇక్కడ నటిస్తున్న వాళ్ళంతా తమకేమైందో చూడమంటూ మీదమీదికి వస్తున్నారు. ఎదుటివాళ్ళని జరగమన్నది ఈవిడొక్కతే. ఆ చేతులు వెనక్కి పెట్టుకోవడం ఇవాళ నేర్చుకున్నది కాదని కూడా తెలిసిపోయింది ఆవిడకి.

"నిజం" అంది కృపాకుమారి.

విజిలు మోగింది. మళ్ళీ గ్రౌండంతా ఆగిపోయింది. స్ట్రెచర్ మీంచి పోతయ్య, "ఈసారి నేను కాదండీ" అన్నాడు.

కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జ్యోతిర్మయి వచ్చి, ఆమె ముందు ఇంకో కుర్చీ లాక్కుని, ఏమైందని అడగకుండా ముందు నాడి పట్టుకుంది. పట్టుకున్న చేతిని విడిపించుకోబోయింది సరోజిని. డాక్టరు వదల్లేదు. అప్పుడు మెడ మీద చీర కొంగు చాటున ఉన్న సన్నటి గీత కనబడింది ఆవిడకి. థైరాయిడ్ ఆపరేషనా అంది. అంతే, ఏడు నెలలు ఎవరికీ చెప్పనిదంతా అక్కడ, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య, కట్ట తెగినట్టు వచ్చేసింది. మందు, గది, గడప అవతల పళ్ళెం, పటిక, ఎరుపు, గుడివాడ గుమ్మం అన్నీ చెప్పింది. చివర, "ఇప్పుడు మీ మీటరు కూడా ఉందంది కదండీ" అని ఆగిపోయింది.

హరిబాబు మొహం వాడిపోయింది. గబగబా వంగి, ఆమె గౌను ఎడమ భుజం మడత విప్పి, లోపల కుట్టిన చిన్న గుడ్డముక్క బయటికి తీశాడు. తెల్లటి జాలీలా ఉంది. వెనకటి పెట్రొమాక్స్ లైట్లకి కట్టే మాంటిల్ ముక్క. పాత రకం మాంటిళ్ళలో కొద్దిపాటి రేడియేషన్ ఉంటుందని, మనిషికి హాని చెయ్యనంత తక్కువని, మీటరు పలకాలి కాబట్టి ప్రతి గౌనులోనూ ఒక్కోచోట ఒక్కోటి కుట్టామని, పొద్దున మైకులో చెప్పామని చెప్పాడు. మీరు అప్పటికి రాలేదని ఎవరూ చూసుకోలేదు పిన్నిగారూ, తప్పు మాదే అన్నాడు. ఆ ముక్కని ఒక కుర్రాడికిచ్చి గ్రౌండు ఆ చివరికి పంపేశాడు.

సరోజిని ఆ పోతున్న ముక్కనే చూసింది. పెళ్ళిళ్ళలో నెత్తిన పెట్టుకుని ఊరేగించే లైట్లలో ఉండేది కూడా అదేనా అనుకుంది. అయినా నమ్మకం చిక్కలేదు.

"అదే మోగిందో, నేనే మోగానో" అంది.

హరిబాబు వెంటనే మీటరు ఎత్తబోయాడు. ఆమె వద్దంది. అందరికీ చేసినట్టే తనకీ చెయ్యాలంది. బట్ట చుట్టి సంచిలో వెయ్యాలి, స్నానం చేయించాలి, అప్పుడు చూడాలి. మధ్యలో ఏదీ వదలకూడదు. హరిబాబు అక్కర్లేదని చెప్పబోతే జ్యోతిర్మయి కళ్ళతోనే ఆపింది. "వరస ప్రకారమే చేద్దాం" అంది. అని తనే లేచి, కృపాకుమారికి, మిగతావాళ్ళకి చెప్పినట్టే చెప్పి మరీ అప్పగించింది. పేరు సరోజిని, గాయాలు లేవు, గొంతుకి పాత ఆపరేషన్, ఏడు నెలల కిందట అయోడిన్ మందు, చాలా భయపడి ఉన్నారు.

స్నానాల టెంటులో కృపాకుమారి మిగతా పిల్లల్ని బయటికి పంపేసి తనే చెంబు పట్టుకుంది. సరోజిని పీట మీద కూర్చుంది. గోరువెచ్చని నీళ్ళు నడినెత్తి మీంచి పడ్డాయి. వేళ్ళు జుట్టులోకి వెళ్ళాయి, చెవుల వెనక్కి, మెడ మీదికి. ఆ గీత మీదికి వచ్చి కూడా ఆ వేళ్ళు ఆగలేదు, తప్పుకోలేదు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆ మెడని ఇంకో మనిషి చెయ్యి అలా తాకడం అదే. శోభనాద్రిని కూడా తాకనివ్వలేదు ఆమె.

కళ్ళు మూసుకుంటే ఉప్పెన నాటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడు ఐదేళ్ళ పిల్ల. నీళ్ళు తీశాక తుమ్మకంపలో దొరికింది. అమ్మా నాన్నా దొరకలేదు. తర్వాత మేనమామ వచ్చి తీసుకెళ్ళేదాకా శిబిరంలో ఉంది. ఒంటినిండా ఉప్పుమట్టి, ముళ్ళు గీరుకున్న దెబ్బలు, ఎవరు పట్టుకోబోయినా కొరికేది. ఎవరో ఒకావిడ, ఏ ఊరో ఏ కులమో తెలీదు, కాళ్ళు బారచాపి, అంత పిల్లనీ పసిగుడ్డులా కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసింది. సరోజిని కాళ్ళు ఆవిడ పాదాలు దాటి బురదలో ఆనాయి. అయినా ఆవిడ వదల్లేదు. ఆ రోజు తర్వాత ఆవిడ మళ్ళీ కనబడలేదు. మొహం కూడా గుర్తులేదు సరోజినికి. ఆ కాళ్ళ వెచ్చదనం గుర్తుంది. నలభై ఏళ్ళు దాటిపోయినా అమ్మ అనుకుంటే ఆమెకి తోచేవి ఆ కాళ్ళే. తను కూడా ఒక పిల్లాడికి అలాంటి కాళ్ళు కావాలని ఉండేది.

"ఏడవండక్కా, నీళ్ళల్లో తెలియదు" అంది కృపాకుమారి.

పొడి బట్టలు కట్టించి మళ్ళీ హరిబాబు దగ్గరికి తెచ్చి, ఏం చేసిందో చెప్పి అప్పగించింది. హరిబాబు మీటరు తల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. టిక్... మళ్ళీ టిక్. ఆ టిక్కులు మట్టిలోంచి, ఆకాశంలోంచి ఎప్పుడూ వచ్చేవేనని, ఎవరూ లేనిచోట పెట్టినా వస్తాయని చెప్పి, ఖాళీ గాలిలో పట్టుకుని వినిపించాడు. తర్వాత తన గొంతు దగ్గర పెట్టుకున్నాడు. జ్యోతిర్మయి గొంతు దగ్గర పెట్టాడు. చివరికి సరోజిని గొంతు దగ్గర పెట్టాడు. అన్నిచోట్లా ఒక్కటే చప్పుడు.

"ఇంకాసేపు ఉంచు బాబూ" అంది. ఉంచాడు.

అప్పుడు జ్యోతిర్మయి చెప్పింది. ఆ మందు గొంతులో తునకల్ని పట్టుకునే మాట నిజమే. కానీ పట్టుకున్నది పట్టుకున్నట్టు ఉండదు. వారం దాటేసరికి సగమైపోతుంది. ఇంకో వారానికి ఆ సగంలో సగం. అలా తరిగి తరిగి మీకు ఎప్పుడో పోయింది. మీ మనవడికి నెల నిండకముందే ఎత్తుకుని ఉండాల్సింది. ఆ మాట మీకు నోరు తెరిచి చెప్పాల్సింది మా డాక్టర్లే, మీరు అడిగేదాకా ఆగకుండా.

సరోజినికి గడ్డి మీద ఆరేసిన బట్టలు కళ్ళ ముందుకొచ్చాయి. పటిక పట్టిన ఎరుపొక్కటే కాదు, పసుపు కూడా ఉంది కదా అద్దకంలో. దానిమ్మ తొక్కల పసుపు. వేసినరోజు కళ్ళు జిగేలుమంటుంది, ఎండ తగిలేకొద్దీ ఎవరూ ఉతక్కుండానే వెలిసిపోతుంది. నీలం మీద ఆ పసుపు అద్ది తెప్పించిన ఆకుపచ్చ ఆకు కొన్నాళ్ళకి నీలంగా మిగిలేది అందుకే. ఇన్నేళ్ళూ ఆ పని చేస్తూ, ఎరుపే ఎందుకు తోచిందో, పసుపు ఎందుకు తోచలేదో.

"పసుపన్నమాట" అంది తనలో తనే. వాళ్ళకి అర్థం కాలేదు. ఆమె వివరించలేదు. "ఒక్క మాట గట్టిగా చెప్పండమ్మా. వింటాను" అంది డాక్టరుతో.

"వెళ్ళి మీ మనవణ్ణి ఎత్తుకోండి" అంది జ్యోతిర్మయి.

విజిలు మళ్ళీ మోగింది, డ్రిల్ మొదలైంది. పోతయ్య తన బిర్యానీ పొట్లం కూడా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఏమీ ఎగతాళి చెయ్యకుండా, గుడివాడ బస్సు ఎక్కించి వెళ్ళాడు.

దారంతా జుట్టు ఆరుతూనే ఉంది. కల్పన తలుపు తీసి, వేళ కాని వేళ తల్లిని చూసి పక్కకి తప్పుకుంది అంతే. సరోజిని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పిల్లాడు చాప మీద కూర్చుని గరిటెతో గిన్నె వాయిస్తున్నాడు. కూర్చునే పిల్లాడు. ఫోనులో చూసింది గానీ ఇంత అయ్యాడని తెలియలేదు. ఆమె చెయ్యి చాపితే కొత్త మొహమని పెదవి విరిచి, తల్లి కాళ్ళకేసి పాకి చీర పట్టుకున్నాడు.

చెప్పాల్సినదంతా సరోజిని నిలబడే చెప్పింది. గోలీకాయంత గడ్డ దగ్గర మొదలుపెట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్న దగ్గరికి వచ్చేసరికి కల్పన తల్లి రెండు చేతులూ తీసుకుని మొహానికి ఆనించుకుంది. రంగు పట్టిన ఆ వేళ్ళనే చూస్తూ, "ఫోనులోనైనా చెప్పొచ్చు కదమ్మా. నీకు నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది.

సాయంత్రం స్నానం వేళకి కల్పన ప్లాస్టిక్ టబ్బు తెచ్చింది. సరోజిని పీట అడిగింది.

"వాడిప్పుడు కాళ్ళ మీద ఉండడమ్మా. జారిపోతాడు. అత్తయ్యగారు కూడా మానేశారు" అంది కల్పన.

"నాకు ఐదేళ్ళప్పుడు కూడా కాళ్ళ మీదే పోశారు" అంది సరోజిని.

కూర్చుని కాళ్ళు బారచాపింది. నీళ్ళు మోచేతి మీద పోసుకుని చూసుకుంది. కల్పన పిల్లాణ్ణి తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఎంత బరువో. ఏడు నెలలు గాల్లో తూచిన బరువు అది కాదు. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, విల్లులా వంగి, ఒక చెంబెడు నీళ్ళు పడ్డాయో లేదో బోర్లా తిరిగి జారి, ఆమె రెండు మోకాళ్ళ మధ్యా నేల మీద కూర్చున్నాడు. కూర్చుని ఏడుపు ఆపి, అరచేత్తో నీళ్ళని ఫట్టుమని కొట్టాడు. ఆమె మొహం మీద పడ్డాయి. మళ్ళీ కొట్టాడు.

కాళ్ళ మీద పడుకునే వయసు వాడికి దాటిపోయింది. అది ఇంక రాదు. ఆ సంగతి సరోజినికి ఆ మొదటి చెంబులోనే తెలిసిపోయింది. ఎడమ చెయ్యి గొడుగులా వంచి వాడి నుదుటికి అడ్డం పెట్టింది. ఈసారి ఆ చేతికి నుదురు తగిలింది, వెచ్చగా. నీళ్ళు చల్లారిపోతున్నాయి, ఇంక చాలమ్మా అని కల్పన అంటున్నా ధార ఆపకుండా పోస్తూనే ఉంది. చాపిన కాళ్ళు మటుకు ముడవలేదు, వాడికి మళ్ళీ ఎక్కాలనిపిస్తే ఎక్కడానికి.